పక్కింటి అక్క చెప్పిన వడ్డీ లెక్క

నా చిన్నప్పుడు సూరత్‌లో సాంచెలు ఆగిపోయిన కాలం ఒకటి వచ్చింది. మరమగ్గాలను తెలంగాణ నుంచి వలస వచ్చిన మావాళ్లు సాంచెలంటారు. మా పేట భేస్తాన్‌లో వాటి చప్పుడు మధ్యే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, అది ఆగిపోయాక ఊరికే చెవులు హోరుమనేవి. రోగం భయంతో ఎవరి తలుపులు వాళ్లు వేసుకున్నారు. అంబులెన్సు కూత వినబడితే మా అమ్మ చేస్తున్న పని ఆపేసి, అది ఏ గల్లీలోకి తిరిగిందో చెవి పెట్టి వినేది. కొన్నాళ్లకు సాంచెలు సగం తిరిగాయి గానీ బళ్లు తెరవలేదు. నాకప్పుడు పదేళ్లు. లెక్కల్లో నన్ను మించినవాళ్లు లేరని గట్టి నమ్మకం. ఆ పొగరు ఇప్పటికీ కొంత మిగిలే ఉంది.

నాకు ఆ లెక్కలు నేర్పింది పక్కింటి అక్క. మా గల్లీలో బీఈడీ చదివి టీచరైన మొదటి మనిషి ఆమే. ఒక ప్రైవేటు బడిలో పనిచేసేది. బడి మూసి ఉన్నా, ఇస్త్రీ చీర కట్టుకుని ఫోను ముందు కూర్చుని పాఠాలు చెప్పేది. సాయంత్రాలు గడప బయట నన్ను కూర్చోబెట్టుకుని పైసా తీసుకోకుండా చెప్పేది. ఆమెను చూసే మా చిన్నత్త తానూ బీఈడీ చేస్తానని పట్టుబట్టింది. చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు. డిగ్రీ అయ్యాక ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అతికించే పని చేసేది. ఎంత కడుక్కున్నా ఆమె వేళ్లకు జిగురు వదిలేది కాదు.

అక్క జీతం పదహారు వేలని గల్లీలో అందరికీ తెలుసు. అప్పు చేసి చదివిందనీ తెలుసు. అప్పిచ్చిన మనిషి శనివారం శనివారం బండి మీద వచ్చేవాడు. అక్క వాళ్ల తలుపుకు ఎదురుగా ఆగి, బండి దిగకుండా అలాగే కూర్చునేవాడు. పిలిచేవాడు కాదు, తలుపు కొట్టేవాడు కాదు. కాసేపటికి వెళ్లిపోయేవాడు. వారం వారం వస్తున్నాడంటే ఆమె వారం వారం కడుతోందని మా నాన్న అనుకున్నాడు. సాంచె మీద పనిచేసేవాడికి అంతకుమించి అనుమానం ఎందుకు వస్తుంది? అత్త కోసం ఆ మనిషినే అడిగాడు. ఫీజులకు రెండు లక్షలు ఇస్తాననీ, ఉద్యోగం వచ్చాక నెలకు ఎనిమిది వేల చొప్పున కడితే మూడేళ్లలో తీరిపోతుందనీ అతను చెప్పాడు. బదులుగా మా గది కాగితాలు అతని దగ్గర ఉంచాలి. ఇరవై ఏళ్లు సాంచె ముందు నిలబడి నాన్న కొన్నది ఆ ఒక్క గదే.

ఒక శనివారం ఆ బండి అక్క తలుపు దాటి వచ్చి మా వాకిట్లో ఆగింది. అతను లోపలికి వచ్చి చాప మీద కాగితాలు పరిచాడు. నాన్న ట్రంకు పెట్టె తెరిచి గది కాగితాలు తీశాడు. అత్త ఆ రోజు రాళ్ల పని ముట్టుకోలేదు. శుభ్రంగా తయారై తలుపు పక్కన నిలబడింది.

అంతలో పక్కింటి అక్క మాస్కు కట్టుకుని మా గడప దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు, బయటే కూర్చుంది. నిన్నటి లెక్క ఒకటి మిగిలిందని, నోట్‌బుక్ తెమ్మంది. నిన్న ఏ లెక్కా మిగల్లేదు. ఆ మాటే అనబోయాను గానీ ఆమె కళ్లు చూసి నోరు మూసుకున్నాను.

"రాయి," అంది, లోపలికి కూడా వినబడేలా. "ఒకామె సంతకం పెట్టే పగార్ పదహారు వేలు. ఒకటో తారీకు బ్యాంకుల పడుతది. రెండో తారీకు అండ్ల ఎనిమిది వేలు తీసి మళ్ల పగారిచ్చిన సేఠ్ చేతికే ఇయ్యాలె. కిరాయికి, బియ్యానికి నాలుగున్నర వేలు పోతయి. మిగిలినయన్ని అప్పుకు కడుతది. అప్పు రెండు లక్షలు, నెలకు వడ్డీ నూటికి రెండు రూపాయలు. ఎన్నేండ్లకు తీరుతది?"

గబగబా చేశాను. చేతిలో మిగిలేది మూడున్నర వేలు. వడ్డీయే నాలుగు వేలు. మళ్లీ చేశాను. అదే వచ్చింది. టీచర్ తప్పు పట్టుకున్నానని నాకు ఒకటే సంబరం. నాన్నకు వినబడాలని పెద్దగా నవ్వుతూ చెప్పాను. "అక్కా, నీ లెక్కనే తప్పున్నది. గిట్ల కడితే అప్పు ఎన్నటికీ తీరది. నెలకు ఐదు వందలు పెరుగుతనే ఉంటది."

"మళ్లొకసారి చూడు."

"చూసిన. గంతే."

"అయితే గంతే రాయి," అంది అక్క.

లోపల నాన్న చెయ్యి సంతకం దగ్గరే ఆగిపోయింది. అక్క వైపు చూశాడు. ఆమె నా నోట్‌బుక్ మీంచి కళ్లెత్తలేదు. నాన్న కలం మూత పెట్టి, గది కాగితాలు దగ్గరికి తీసుకున్నాడు. "జర ఆలోచన చేసి చెప్తం భాయ్," అన్నాడు. అతను తన కాగితాలు మడిచి లేచాడు. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి, అక్కతో మెల్లగా అన్నాడు. "టీచరమ్మా, లెక్కలు మంచిగ చెప్తున్నవ్." మెచ్చుకున్నాడనుకుని నేను పొంగిపోయాను.

ఆ లెక్క అక్కదేనని నాన్న నాకు చెప్పింది చాలా ఏళ్ల తర్వాత. జీతంలో సగం బడి యజమానికే తిరిగి ఇస్తున్న సంగతి బయటపెడితే ఆమె ఉద్యోగం పోయేది. ఉద్యోగం పోయిందని తెలిస్తే ఆ మనిషి మొత్తం ఒక్కసారే కట్టమనేవాడు. అయినా మా ఇల్లు నిలబడాలని, ఆ మనిషి ఎదుటే, నా చేత ఆ మాట చెప్పించింది.

తర్వాతి శనివారం ఆమె తలుపు ముందుకు ఆ మనిషి ఇంకొకణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పై శనివారానికి తలుపుకు తాళం ఉంది. అక్క వాళ్లు ఊరవతల కామ్‌రేజ్ వైపు వెళ్లారని ఎవరో అన్నారు. అప్పు కోసం వచ్చిన ఇద్దరూ ఆ ఖాళీ ఇంటి ముందు చాలాసేపు కూర్చున్నారు. మా అమ్మ నన్ను లోపలికి లాగి తలుపు వేసింది.

చిన్నత్త నాతో చాలా నెలలు మాట్లాడలేదు. ఫీజు తక్కువుండే సర్కారు కాలేజీ కోసం రెండుసార్లు పరీక్ష రాసింది, సీటు రాలేదు. రాళ్లు అతికిస్తూనే ఆ గదిలో ముసలిదైంది. గది మాత్రం మాకు దక్కింది. అది మంచే జరిగిందని అత్త ముందు నేనెప్పుడూ అనలేకపోయాను.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలెవరైనా ఏ చదువు ఫారం తెచ్చినా, జీతం ఎంత రాస్తారో కాదు, చేతికి ఎంత వస్తుందో కనుక్కుని రమ్మంటాను. ముసలిదాని చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. ఆ లెక్క నేను సరిగ్గానే చేశాను, ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చేసినా అదే జవాబు వచ్చింది. కానీ ఆమె బతుకును ఆమె ముందే లెక్కగట్టి, తప్పని చెప్పి నవ్వాను. ఆమె నన్ను ఏమీ అనకుండా, ఉన్నది ఉన్నట్టు రాయమంది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుతో తల వంగిపోతుంది.