టిక్కుమనే గది

మా పక్కింటి పెద్దమ్మ మొన్న పొద్దున పోయింది. ఆ కబురు చెప్పిన అమ్మే, నేను ఏడుస్తుంటే, "ఇంటిపని తప్పిచ్చుకునే జాగ పాయె గద, అందుకే ఏడుస్తాంది" అన్నది. డిగ్రీ చదివి రెండేళ్ళుగా ఖాళీగా ఉన్నానని మా ఇంట్లో నేనేం చేసినా ఒకటే అర్థం తీస్తారు. నా ఏడుపుకు కారణం వేరు. ఇంట్లో ఎవరూ అడగలేదు కనుక మీతో చెబుతున్నాను.

పెద్దమ్మ దవాఖానలో నర్సు. నెలలు నిండని పిల్లల వార్డులోనే పనిచేసి రిటైరైంది. ఒంటరి మనిషి. ఇంటి వెనక చిన్న గదిలో కోడిగుడ్లు పొదిగించేది; స్టేషన్ ఘన్‌పూర్ వైపు నుంచి ఆడవాళ్ళు కోడిపిల్లల కోసం వచ్చేవారు. ఆ గది గోడకు ఒక పాత థర్మోస్టాట్ ఉండేది. వార్డులో పసికందులను వెచ్చగా ఉంచే అద్దాల పెట్టె ఒకటి పాడైతే, దానిది అడిగి తెచ్చుకున్నదట. వేడి తగ్గితే టిక్కుమని హీటరు వేసేది, పెరిగితే టిక్కుమని ఆపేది. పెద్దమ్మ మాట మధ్యలో ఆగి, అది విని, "ఆఁ, మంచిగున్నరు" అనేది. గుడ్లనే.

గుడ్డును మూసిన కనురెప్పకు ఆనించి వేడి చూసేది. "చెయ్యి అబద్ధం చెప్తది బిడ్డా, అన్నిట్ల పెట్టి మొద్దుబారుతది. కంటిరెప్ప చెప్పది."

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. చేతులు ఊరుకోవు. పోయిన చలికాలం విడిభాగాలు తెచ్చి, ఎర్ర అంకెలు వెలిగే డిజిటల్ థర్మోస్టాట్ ఒకటి తయారుచేశాను.

"పెద్దమ్మా, గా పాతది తీసేద్దాం. ఇది వేడిని పాయింటుతోని సహా చూపిస్తది."

"సప్పుడు చేస్తదా?"

"అస్సలు చెయ్యది!"

ఆమె పాతదాని గుండీని ఒకసారి టిక్కుమనేలా తిప్పింది. "పెట్టు బిడ్డా. నీ చదువు నా ఇంట్లనన్న పనికిరానీ."

ఆ తర్వాత పెద్దమ్మ ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. అన్నం కలుపుతూ లేచి, గది దాకా పోయి, అంకెలు చూసి వచ్చేది.

"నా మీద నమ్మకం లేదా?" అని నవ్వేదాన్ని.

"నీ మీద అనుమానమేం లేదు. చెవులకే పని లేకుంట పోయింది."

అది పరాచికమే అనుకున్నాను. మా అమ్మ నా ఏడుపును తప్పుగా అర్థం చేసుకున్నట్టే నేను పెద్దమ్మ మాటను అర్థం చేసుకున్నాను.

నిన్న, దహనం అయ్యాక, డోర్నకల్ నుంచి వచ్చిన ఆమె తమ్ముడు ఇల్లు సర్దుతుంటే నేను మంచం దులిపాను. దిండు కింద పాత థర్మోస్టాట్. తీగలు లేవు. దాని గుండీ వేళ్ళ రాపిడికి నున్నబడి మెరుస్తోంది. తిప్పాను. టిక్. వెనక్కి తిప్పాను. టిక్. పెద్దమ్మ ఖాళీ ఇంట్లో పడుకుని, దీన్ని చేత్తో తిప్పుకుంటూ ఆ చప్పుడు వినేదన్నమాట.

"గుడ్లు ఎవరికన్న ఇచ్చేస్త బిడ్డా. తాళమేసి పోవాలె" అన్నాడు ఆయన.

అవి పిల్లలు కావడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

"కదిలిస్తే సస్తయి మామా. తాళం నాకియ్యి."

ఆయన తాళంచెవి నా చేతిలో పెడుతుంటే పిట్టగోడ మీదుగా అమ్మ కేకేసింది. "పిచ్చా నీకు? సచ్చినింట్ల ఒక్కదానివి ఉంటవా?"

నా డిజిటల్‌ది విప్పేశాను. పాతదానికి తీగలు కలిపి గోడకు బిగించాను. ఒక గుడ్డు కనురెప్పకు ఆనించుకుని చూశాను, వెచ్చగా ఉంది. గుమ్మంలో కూర్చుని ఇది రాస్తుంటే వెనక గదిలో టిక్కుమంటోంది. పిల్లలు బయటికొచ్చే దాకా నేను ఈ ఇంట్లోనే ఉంటాను.