ఎదురెదురు బండ్ల లెక్క

మా ఆవిడ అలిగి రేపల్లెలో పుట్టింటికి వెళ్ళి మూడు వారాలైంది. కొత్తగా కొన్న సెల్లు జేబులోనే ఉన్నా నేను ఫోన్ చెయ్యలేదు. తెనాలిలో మాది బట్టల కొట్టు. బేరంలో ముందు దిగినవాడే ఓడినట్టని వింటూ పెరిగినవాణ్ణి.

ఒక ఉదయం దారి మధ్యలో ఉన్న భట్టిప్రోలుకు టికెట్టు తీసుకుని రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. ఎదురు సీట్లో ఒక టీచరమ్మ లెక్కల పేపర్లు దిద్దుతున్నారు.

"చూడు బాబూ, రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తుంటే వేగాలు కలపాలని ఎన్నిసార్లు చెప్పానో. వీడేంటి, తీసేశాడు," అన్నారు.

"ఒక బండి అసలు కదలకపోతేనండి?"

"ఏముంది, దూరమంతా రెండోదే రావాలి. కలవడం ఆలస్యమవుతుంది."

ఎందుకో మా సంగతంతా చెప్పేశాను. ఆవిడ ఎర్రపెన్నుకు మూత పెట్టారు.

"అయితే కదలని బండి నువ్వేనన్నమాట."

"సగం దూరం వెళితే సరిపోదాండి?" అని బేరం పెట్టాను.

"ఆ అమ్మాయి బయల్దేరిందో లేదో తెలీకుండా సగంలో దిగి ఎవర్ని కలుస్తావు నాయనా?"

భట్టిప్రోలులో ఆవిడ దిగారు. నేను దిగలేదు.

రేపల్లె ప్లాట్‌ఫారం మీద, తిరిగి తెనాలి వెళ్ళే అదే బండి కోసం, మా ఆవిడ సంచీతో కూర్చుని ఉంది. ఆ పూట కొట్లోనే కూర్చుని ఉంటే బేరం నాదయ్యేది.

"నాకోసమే వచ్చారా?" అంది.

"మరింకెవరి కోసం?" అన్నాను.

జేబులో టికెట్టు ఏ ఊరికో ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.