తమ్ముడి నిద్రమందు

మా ఇంట్లో తమ్ముడికి జరిగిన రాజభోగాలు నాకు జరగలేదు. మేం అవ్వా, బాపూ అనేది అమ్మానాన్నలనే. బాపు రోజూ పక్కూరు ఎల్లారెడ్డిలో తాగొచ్చి అవ్వను కొడుతుంటే వాడు వడ్ల గుమ్మి వెనక దూరి వణికేవాడు. అందుకని పొద్దు గూకకముందే అవ్వ వాడికి గిలాసలో కల్లు పోసి, "దడుపుకు మంచిది కొడుకా, తాగి పండు" అనేది. నాకూ పొయ్యమంటే "ఆడివిల్లకు కల్లెందుకే?" అని కసిరేది. నిజమే, చెవులు మూసుకోవడానికి నాకు దేవుడిచ్చిన చేతులుండనే ఉన్నాయి!

వాడు పెద్దవాడై సొంత ఖర్చుతో అదే వైద్యం కొనసాగిస్తే మాత్రం ఊరంతా ముక్కున వేలేసుకుంది. బాపు పోయినా వీడి తాగుడు పోలేదు. చుట్టాలు గుడికి తీసుకుపోయి ఇక ముట్టనని ఒట్టు వేయించారు. ఒట్టు వేయించిన సంబరానికి ఆ సాయంత్రమే దావత్ చేసుకుని, "ఒక్క గిలాసకు ఏంగాదు తియ్యిరా" అన్నారు. అబ్బ, ఏం పెద్దరికం!

మొన్న రక్తం కక్కుకుంటే కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయాం. మళ్లీ తాగితే బతకవు, నెల రోజులు ఇక్కడే ఉండాలన్నాడు డాక్టరు. వీడు ససేమిరా ఉండనన్నాడు.

"చిన్నతనంలో ఏమన్నా జరిగిందా?" అని డాక్టరు అడిగాడు. తమ్ముడు నోరు తెరవకముందే అవ్వ అందుకుంది.

"ఏం జరుగుతది సారూ? బంగారమోలె పెంచిన. సోపతులే చెడగొట్టిండ్రు."

సోపతులట, చెడు స్నేహాలట! కడుపు మండి నాకు నవ్వొచ్చింది.

"తాగకుంటే ఏమైతుంది నీకు?" అన్నాడు డాక్టరు తమ్ముడితో.

వాడు తలెత్తలేదు. "నిద్ర రాదు సార్. బాపు తలుపు తన్నుతుండు."

"బాపు సచ్చిపోయిండు గదరా!" అంది అవ్వ.

"నీకు సచ్చిపోయిండవ్వా. నాకు రోజూ వస్తుండు."

అవ్వ వాడి చెయ్యి పట్టుకుని, "ఉండు కొడుకా, నీ పక్కనే నేనుంట" అంది. వాడు చిన్నపిల్లాడిలా తలూపాడు.

నర్సు వాణ్ని లోపలికి తీసుకుపోయాక వరండాలో బల్ల మీద మేమిద్దరమే మిగిలాం. అవ్వ నా వైపు తిరిగింది.

"మరి చిన్నప్పుడు నువ్వెట్ల పండుకుంటుంటివే బిడ్డా?"

ఊళ్లో నాది పెద్ద నోరని పేరు. ఆ పూట మాత్రం అవ్వ కొంగు పట్టుకున్నాను.

"పండుకుంటే గదనే అవ్వా" అని ఏడ్చేశాను.