రోడ్డు వంగిన చోట

ఎర్ర పెయింటు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న మా బజారులో రోడ్డు వెడల్పుకని గోడల మీద గుర్తులు పెడుతుంటే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఖాజా సార్‌ను తలుచుకున్నాను. మా మున్సిపాలిటీలో ఆయన మ్యాపులు గీసే పాత డ్రాఫ్ట్స్‌మన్, నాకు పని నేర్పినవారు. ఊరి పేరు చెప్పను. ఇంకా అక్కడే ఉద్యోగం చేస్తున్నాను కదా!

కొత్తగూడెం కార్మికుల క్వార్టర్లలో పెరిగి, డిప్లొమా పట్టుకుని ఆయన దగ్గర చేరాను. అప్పుడూ బజారు రోడ్డు వెడల్పు పనే నడుస్తోంది. ఆయనదో వింత పద్ధతి. గోడకు గుర్తు పెట్టే ముందు ఆ ఇంట్లో కూర్చుని మంచినీళ్లు అడిగి తాగేవారు. మండుటెండలో నాకు విసుగొచ్చింది. "బయట టేపు పట్టి కొలిస్తే సరిపోదా సార్?" అన్నాను.

"బయటికెల్లి చూస్తే గోడే కనిపిస్తది బేటా. లోపలికి పోతే పొయ్యి యాడుందో, ముసలామె యాడ పండుకుంటదో తెలుస్తది. మనం కూలగొట్టేది గోడనా, గా పొయ్యినా?"

షీటు మీద ఇంటి నంబరు పక్కన పెన్సిలుతో అవన్నీ రాసేవారు. పై అధికారులు నవ్వుకునేవారు. నవ్వరా మరి! వాళ్లు ఆ బజారులో ఏనాడూ కారు దిగి నడవలేదు.

రెండు వైపులా సమానంగా పోయేట్టు ఆయన గీత గీశారు. మూల మీద ఒక నాయకుడి మూడంతస్తుల మేడ ఉంది. దానికి మెట్లు పోతాయి. ఎదురుగా మరియమ్మ ఇల్లు. భర్త పోయాక ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. ఆమెకు అరుగు పోతుంది, గది మిగులుతుంది. వారం తిరక్కుండానే గీత జరపమని పైనుంచి మాట వచ్చింది. మేడను ముట్టుకోకూడదట, లోటంతా మరియమ్మ వైపు తీసుకోవాలట!

"మెత్తనోళ్లను జూస్తే మొత్తబుద్ధా సార్? నాతోని కాదు" అని పై అధికారితో అనేసి ఖాజా సార్ పెన్సిలు బల్ల మీద పెట్టేశారు.

అప్పుడు పై అధికారులు నన్ను పిలిచారు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. కొత్త షీటు మీద గీత జరిపాను. సంతకమూ పెట్టాను.

సంగతి తెలిసి ఆయన తిట్టలేదు. "పా" అని మరియమ్మ ఇంటికి తీసుకుపోయారు. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. "నీ గీత నువ్వే చెప్పు బేటా" అన్నారు. ఇల్లంతా పోతుందని ఎలాగో చెప్పాను.

"మరి మిషను యాడ పెట్టుకోవాలె బిడ్డా?" అని అడిగింది మరియమ్మ, జవాబు నా దగ్గర ఉంటుందన్నట్టు.

బయటికొచ్చి, షీటు చించేద్దాం సార్ అని ఏడ్చాను. అది పొద్దున్నే పైకి పోయిందన్నారు. గీత జరపడం మీద ఆయన రాసిచ్చిన అభ్యంతరం ఫైల్లోంచి మాయమైంది. ఆయన్ను భద్రాచలం అవతలికి బదిలీ చేశారు, అక్కడే రిటైరయ్యారు. మరియమ్మ ఇల్లు ఒక్క పూటలో నేలమట్టమైంది, ఆమె వైరాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. మేడ మాత్రం చెక్కుచెదరలేదు. సిగ్గులేని మనుషులం! అందులో నేనూ ఉన్నాను.

పోయిన వారం కొత్త మాస్టర్ ప్లాన్ కోసం పట్నం నుంచి కన్సల్టెంట్లు వచ్చారు. బజారు చరిత్ర కూడా రాస్తారట. ఒకతను ల్యాప్‌టాప్‌లో మ్యాపు చూపించాడు. "ఇక్కడ రోడ్డు ఎందుకు వంగింది మేడమ్? పూర్వం వాగేమైనా ఉండేదా?"

"వాగు లేదు. మరియమ్మ అనే ఆమె ఇల్లుండేది" అన్నాను. "నాయకుడి మేడ కోసం గీత జరిపాం. జరిపింది నేనే."

అతను నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

"రాసుకోండి" అన్నాను.