రెక్కలు ముడుసుకున్న జెట్టు

ఆ రోజుల్ల నాకు తెల్వని సంగతంటూ లేకుండె. కనీసం నేనట్ల అనుకుంటుంటి. ఐటీఐ చదివి, సర్కారు ఫ్యాక్టరీల లేత్ మిషన్ మీద కొత్తగ చేరిన. లోకంలున్న యంత్రాలన్నీ నన్ను అడిగే తిరుగుతున్నయని ఒక భ్రమ. గసొంటి టైంల అమ్మ, బాపు నన్ను పురానాపూల్ నుంచి సైదాబాద్‌కు పెండ్లిచూపులకు తీస్కపోయిన్రు. పిల్ల తండ్రి మా అమ్మకు దూరపు అన్న వరుస. ఎయిర్ ఫోర్స్‌ల విమానాలు బాగుజేసి రిటైర్ అయిండు. చుట్టాలందరు ఆయన్ను జెట్ మామ అంటరు (ముంగట అనరు).

మిక్చర్ ప్లేట్లు వచ్చినయి. నా నౌకరి గురించి అడుగుతడనుకుంటే జెట్ మామ విమానం ముచ్చట మొదలువెట్టిండు. "విమానాలు మోసే ఓడ మీద జాగ చాలదు గద బేటా, గందుకే జెట్ల రెక్కలు మడిచి పెడ్తరు. ఒకసారి అమెరికా పైలెట్ ఒకడు రెక్కలు తెరుసుడు మర్శి గట్లనే లేశిండు. లేశి, ఓ చక్కర్ కొట్టి, సల్లగ దిగిండు!"

నాకు నవ్వాగలే. "రెక్కలు ముడుసుకుంటే కోడి గూడ ఎగరదు మామా," అన్న.

బాపు నా తొడ గిచ్చిండు. జెట్ మామ మొఖం ఎర్రగైంది. "అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

"మీరు చూసిన్రా?"

"నేను చూడలే. నాతోని పనిచేసినాయన చెప్పిండు."

అమ్మ లేశి చెప్పుల దిక్కు చూసింది. ఇగ సంబంధం పోయినట్టే అనుకున్న. అప్పుడే చాయ్ తెచ్చిన పిల్ల, ట్రే కింద పెట్టకుంటనే అడిగింది: "బాపూ, రెక్క మొత్తం మడుస్తరా, సగమే మడుస్తరా?"

"గది... గది నేను అడగలే బిడ్డా." నాకు గూడ ఆ మాట తట్టలే, అందుకే మస్తు రోషమొచ్చింది. పాత పేపర్ అడిగి విమానం చేసిన. ఆమె దాని రెక్కల కొసలు మీదికి మడిచింది. చాయ్ సల్లారుతుంటే అందరం మిద్దెక్కినం (బాపు గూడ, మోకాళ్లు పట్టుకొని). జెట్ మామ విసిరిండు. అది కల్లు తాగినోని లెక్క ఊగుకుంట పోయి పక్కింటి బర్లకొట్టం మీద దిగింది. "దేఖో!" అని ఆయన చప్పట్లు. "కొసలే గద మామా మడిచింది," అని నా లొల్లి. ఆమె ఇంకోటి తీసుకొని రెక్కలు మొత్తం మడిచి వదిలింది. అది రాయి లెక్క పడ్డది. కిందున్న బర్రె దాన్ని నమిలింది. "ఇద్దరూ కరెక్టే," అని పిల్ల తీర్పు చెప్పింది. అమ్మ అప్పుడు నవ్వింది.

(పైలెట్ ముచ్చట నిజమేనట. ఆ జెట్టుకు రెక్క బయటి ముక్కనే మడుస్తరు. గది నాకు తెలిసేసరికి జెట్ మామ నా సొంత మామై చాన ఏండ్లైంది.)

వాపస్ వస్తుంటే రిక్షాల అమ్మ అడిగింది, "పిల్ల ఎట్లున్నదిరా? తెలుపా, చామనఛాయనా?"

"ఏమో అమ్మా, సరిగ చూడలే. మల్లొకసారి పోదమా?"

అమ్మ నెత్తి కొట్టుకుంది. ఇప్పటికీ ఆ పోరడు, గదే అప్పటి నేను, యాదికొస్తే నాకు నవ్వొస్తది. చూడాల్సింది చూడకుంట వచ్చి, మల్ల పోదమని సిగ్గులేకుంట అడిగిండు. ఇప్పుడైతే నేను గంత సులువుగ ఏదీ అడగలేను.