పాకం ఆగదు

కాజీపేటలో మా పక్కింటి పెద్దమ్మ పల్లిపట్టి చేసేటప్పుడు పాకం చుక్కను నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి చూసి, "ఇంకా కాలే" అనేది.

ఆ క్రిస్మస్ ముందురోజు బెల్లం ఉడుకుతుండగా, గూడ్సు డ్రైవరైన పెద్దనాన్న వెళ్లిన లైనులోనే ఏదో బండి పట్టాలు తప్పిందని తెలిసింది. ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

"పొయ్యి బంద్ చెయ్యి పెద్దమ్మా," అన్నాను.

"నడుమ ఆపితే పాకం ఖరాబైతది బిడ్డా. జర ఆ పల్లీలియ్యి."

ఎప్పుడూ అప్పడాల కర్రతో పరిచే మనిషి ఆ రోజు ఉత్త వేళ్లతోనే పరిచింది. ఫోన్ మోగింది.

"నువ్వెత్తు," అంది, అటు చూడకుండానే.

పెద్దనాన్న గొంతే. "మంచిగనే ఉన్నడు పెద్దమ్మా!" అని అరిచాను.

ఆమె కూలబడింది. వేళ్లకంటిన వేడి పాకం అప్పుడే కాలినట్టు, "అబ్బా" అని ఏడ్చేసింది.