తూటాలు లేని తుపాకీ

నా చిన్నప్పుడు పెద్దేముల్ దగ్గరి మా ఊళ్లో కంది చేలను అడవిపందులు తినేవి. అవి వదిలినదాన్ని మా సర్పంచి తెలివితేటలు తినేవి. పంచాయతీకి వచ్చే నిధులే అంతంతమాత్రం. వాటిని ఊడ్చి పట్టుకెళ్లి, పందులను కొట్టడానికని ఆయన రెండు గొట్టాల తుపాకీ కొనుక్కొచ్చాడు. దండ వేసి డప్పులతో ఊరేగించాడు కూడా. తూటాలేవని ఎవరో అడిగితే, "వచ్చే ఏడు సూద్దాం తియ్" అన్నాడు. ఆ మాటకూ చప్పట్లు కొట్టిన ఘనులున్నారు మా ఊళ్లో.

పందులకు ఊరేగింపు సంగతేం తెలుసు? మా చేను సగం తొక్కేశాయి. ఏడాదంతా దాని మీదే మా బతుకు.

అప్పుడే మిలిటరీలో ఉన్న మా మేనమామ సెలవు మీద వచ్చాడు. మాది గొర్రెలు కాచే ఇల్లు. పాడైన చేను చూశాడు. మా గొర్రెలన్నిటినీ తోలుకెళ్లి పట్టపగలే సర్పంచి కందిచేలో వదిలి, నన్ను పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. సర్పంచి తుపాకీతో సహా ఉరికి వచ్చాడు.

"ఏందిరా గీ పని!"

"పేల్చుండ్రి పటేలా. సప్పుడుకే ఉరుకుతయ్."

సర్పంచి దగ్గర తూటాలుంటే కదా! చివరికి ఆ తుపాకీనే కర్రలా ఊపుతూ, హేయ్ హేయ్ అంటూ చేనంతా పరుగెత్తాడు. మర్నాడు పొద్దున్నే తూటాలు వచ్చాయి. తన చేను పోతుంటే డబ్బు ఎక్కడినుంచో పుట్టింది.

నేను ఇంటికొచ్చాక కూడా నవ్వుతుంటే మామ ఆపాడు.

"సరిహద్దుల మా పోస్టుకు గూడ గిట్లనే పెద్ద ఫిరంగి తోపు వచ్చింది, బిడ్డా. పెద్ద సాబులు ఫొటోలు దిగి పోయిన్రు. గుండ్లు ఇంక రాలే."

"మరెట్ల మామా?" అన్నాను.

"గా పోస్టు మీదికి వచ్చేటివి గొర్లు గావు" అన్నాడు. పొయ్యి దగ్గర అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సెలవు అయిపోగానే ఆయన ధారూర్‌లో రైలెక్కి మళ్లీ ఆ పోస్టుకే పోయాడు. క్షేమంగానే తిరిగొచ్చాడు. అందులో ఆ తోపు కొన్నవాళ్ల గొప్పతనం ఏమీ లేదు.

ఇప్పుడు నేనూ అమ్మమ్మనయ్యాను. టీవీలో కొత్త ఆయుధం పక్కన నిలబడి పెద్దలు పళ్లికిలిస్తుంటే మా ఇంట్లో పిల్లలు మురిసిపోతారు. బడ్జెట్ చాలదట, గుండ్ల సంగతి తర్వాత చూస్తారట. నాకు ఒళ్లు మండిపోతుంది. వాళ్ల కొడుకుల్లో ఒక్కడిని తీసుకెళ్లి అలాంటి పోస్టులో నిలబెట్టండి. గుండ్లకు డబ్బు తెల్లారేసరికి పుడుతుంది.